హెచ్ఐవీ: ఎక్కడ తగ్గింది, ఎక్కడ పెరిగింది, మనం ఏం నేర్చుకోవాలి



మన సొసైటీ వార్షిక సంచికకు ఆరోగ్య వ్యాసం అంటే సాధారణంగా షుగరు, బీపీ, పిల్లల టీకాలు, రమజాన్‌లో ఆహారం వంటి విషయాలే ఉంటాయి. ఈసారి హెచ్ఐవీ గురించి రాస్తానంటే ఒకరిద్దరు పెద్దలు కొంచెం తటపటాయించారు. "ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు చదివే పుస్తకం కదమ్మా" అన్నారు. ఆడవాళ్లు, పిల్లలు చదువుతారు కాబట్టే రాస్తున్నాను. ఎందుకో ఒక సంఘటన చెబితే అర్థమవుతుంది.

నేను కౌన్సెలర్‌గా పనిచేస్తున్న రోజుల్లో ఒక సోదరి మా దగ్గర ఆరేళ్లు మందులు తీసుకుంది. భర్త లారీ డ్రైవరు. ఆయన ద్వారానే ఆమెకు జబ్బు వచ్చింది. ఆయన పోయాక కుట్టుమిషను పెట్టుకుని ఇద్దరు పిల్లలను చదివించుకుంది. బంధువులకు తెలిసిపోతుందన్న భయంతో నడుమ కొన్ని నెలలు మందులు మానేసింది. టీబీ పట్టుకుంది. ఇక కోలుకోలేదు. ఆమె పోయిన రోజు ఇంట్లో మయ్యత్ ఉంటే గుస్ల్ ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. రోజూ ఆ పని చేసే ఆడవాళ్లు కూడా గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. జొహర్ నమాజు వేళ దాటిపోయింది. చివరకు వీధిలో ఉండే ఒక పెద్దావిడ "ఏం జాగ్రత్తలు తీసుకోవాలో నువ్వు చెప్పు బేటీ, నేను చేస్తా" అంటూ కొంగు బిగించింది. ఇద్దరం చేతి తొడుగులు వేసుకుని గుస్ల్ ఇచ్చాం, కఫన్ తొడిగాం. ఆ పెద్దావిడ ఈనాటికీ ఆరోగ్యంగానే ఉన్నారు.

ఆ సోదరిని చంపింది వైరస్ ఒక్కటే కాదని నాకు అనిపిస్తుంది. మందు ఆమె చేతిలోనే ఉంది. ఆ మందు మింగనివ్వనిది భయం. ప్రపంచంలో ఈ జబ్బు ఎక్కడ తగ్గింది, ఎక్కడ పెరిగింది అన్న లెక్కలు చూస్తే ఇదే పాఠం పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది.

ముందు లెక్క చదవడం నేర్చుకుందాం

హెచ్ఐవీ అంటే మన శరీరంలోని రోగ నిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్. చికిత్స లేకుండా వదిలేస్తే కొన్నేళ్లకు ఆ శక్తి బాగా క్షీణించి టీబీ వంటి జబ్బులు చుట్టుముట్టే దశను ఎయిడ్స్ అంటారు. వైరస్ ఉన్న ప్రతివారికీ ఎయిడ్స్ ఉన్నట్టు కాదు. వేళకు మందులు వాడేవారు ఆ దశకు చేరకుండానే నిండు జీవితం గడుపుతున్నారు.

పత్రికల్లో రెండు రకాల లెక్కలు వస్తుంటాయి. ఒకటి, మొత్తం ఎంతమంది ఈ వైరస్‌తో జీవిస్తున్నారు అన్నది. రెండోది, ఈ ఏడాది కొత్తగా ఎంతమందికి సోకింది అన్నది. ఊరి చెరువును తలచుకోండి. కాలువ ద్వారా వచ్చే నీరు కొత్త కేసులు. తూము గుండా పోయే నీరు మరణాలు. మందుల వల్ల మరణాలు తగ్గితే, కొత్త కేసులు తగ్గినా చెరువులో నీటిమట్టం వెంటనే తగ్గదు. కాబట్టి "ఇంకా ఇంతమంది ఉన్నారా" అని కంగారు పడనక్కర్లేదు. వారు బతికి ఉన్నారని దానర్థం. చూడవలసింది కొత్తగా వచ్చే నీటిని.

ప్రపంచ చిత్రం

ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం అంచనాల ప్రకారం 2023లో ప్రపంచంలో దాదాపు 3 కోట్ల 99 లక్షల మంది హెచ్ఐవీతో జీవిస్తున్నారు. వారిలో 3 కోట్ల 7 లక్షల మందికి మందులు అందుతున్నాయి. 1995లో ఒక్క ఏడాదిలో 33 లక్షల మందికి కొత్తగా సోకగా, 2023లో ఆ సంఖ్య 13 లక్షలకు తగ్గింది. 2004లో 21 లక్షల మంది చనిపోగా, 2023లో 6 లక్షల 30 వేల మంది చనిపోయారు. ఇంత తక్కువ కాలంలో ఇంత తగ్గుదల చిన్న విషయం కాదు. అల్‌హందులిల్లాహ్.

అయితే ఈ తగ్గుదల అన్నిచోట్లా ఒకేలా లేదు. 2010తో పోల్చితే 2023 నాటికి కొత్త కేసులు ఇలా మారాయి:

తూర్పు, దక్షిణ ఆఫ్రికా: 59 శాతం తగ్గాయి.
పశ్చిమ, మధ్య ఆఫ్రికా: 46 శాతం తగ్గాయి.
ఆసియా, పసిఫిక్ దేశాలు: 13 శాతం తగ్గాయి.
లాటిన్ అమెరికా: 9 శాతం పెరిగాయి.
తూర్పు యూరప్, మధ్య ఆసియా: 20 శాతం పెరిగాయి.
మధ్య ప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా: 116 శాతం పెరిగాయి.

ఒకప్పుడు ఈ జబ్బు పేరు చెబితే గుర్తొచ్చే ఆఫ్రికాలోనే అన్నిటికంటే ఎక్కువ తగ్గింది. "మన దగ్గర రాదు" అని ధీమాగా ఉన్న ప్రాంతంలో రెట్టింపుకు పైగా పెరిగింది.

ఆఫ్రికా ఎలా కోలుకుంది

1990లలో, 2000ల తొలినాళ్లలో దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలో ఇంటికో జనాజా అన్నట్టు ఉండేది పరిస్థితి. బోట్స్‌వానా ప్రభుత్వం 2002లో తన ప్రజలకు ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. పొరుగున ఉన్న దక్షిణాఫ్రికాలో అప్పటి పాలకులు ఈ జబ్బు కారణాలనే శంకిస్తూ కొన్నేళ్లు వృథా చేశారు. అందుకు వారు చాలా ప్రాణాలు మూల్యంగా చెల్లించారు. తర్వాత మేలుకుని, నేడు ప్రపంచంలోనే అతి పెద్ద చికిత్సా కార్యక్రమం నడుపుతున్నారు. బోట్స్‌వానా, ఎస్వాతిని, రువాండా, టాంజానియా, జింబాబ్వే దేశాలు 95-95-95 లక్ష్యాన్ని అందుకున్నాయి. వైరస్ ఉన్నవారిలో 95 శాతం మందికి ఆ సంగతి తెలిసి ఉండాలి. తెలిసినవారిలో 95 శాతం మంది మందులు వాడాలి. వాడేవారిలో 95 శాతం మందిలో వైరస్ అణిగి ఉండాలి. ఇదే ఆ లక్ష్యం.

ఆ మందులు పేదలకు అందుబాటులోకి రావడం వెనుక మనకు గర్వకారణమైన ఒక పేరుంది. 2000 నాటికి ఒక రోగికి ఏడాది మందులకు పదివేల డాలర్లకు పైనే అయ్యేది. 2001 ఫిబ్రవరిలో సిప్లా కంపెనీ అధిపతి డాక్టర్ యూసుఫ్ హమీద్, పేదలకు సేవచేసే వైద్య సంస్థలకు అవే మందులను ఏడాదికి 350 డాలర్లకే, అంటే రోజుకు ఒక డాలరు కంటే తక్కువకే ఇస్తానని ప్రకటించారు. తక్కిన కంపెనీలూ ధరలు దించక తప్పలేదు. హైదరాబాద్‌కు చెందిన హెటిరో, అరబిందో వంటి కంపెనీలు కూడా ఈ మందులను తయారుచేసి ఆఫ్రికా దేశాలకు పంపుతున్నాయి. ఎక్కడో ఉన్న ప్రాణం ఇక్కడి కార్మికుడు తయారుచేసిన మాత్రతో నిలబడుతోంది.

ముస్లిం సమాజాల అనుభవం

ఇక్కడ మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. వ్యభిచారానికి, మత్తుకు దూరంగా ఉండమన్న ధర్మాదేశం మనకు పెద్ద రక్షణ. ఉత్తర ఆఫ్రికా, మధ్య ప్రాచ్య దేశాల్లో మొత్తం రోగుల సంఖ్య ఈనాటికీ తక్కువే. 2023 అంచనా ప్రకారం రెండు లక్షల పది వేలు. అయితే అక్కడ వైరస్ ఉన్నవారిలో సగం మందికి కూడా మందులు అందడం లేదు. యుద్ధాలు, వలసలు ఒక కారణం. పరీక్షకు వెళితే పరువు పోతుందన్న భయం మరో కారణం. పరీక్ష లేకపోతే చికిత్స లేదు. చికిత్స లేకపోతే వైరస్ భర్త నుంచి భార్యకు, భార్య నుంచి బిడ్డకు చేరుతుంది. ఏ పాపమూ ఎరుగని ఇల్లాలు, పసిబిడ్డ దాని ఫలితం అనుభవిస్తారు.

2019లో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రం రతోదేరోలో జరిగింది చూడండి. కొద్ది నెలల్లోనే వందలాది మందికి హెచ్ఐవీ ఉన్నట్టు బయటపడింది. వారిలో అత్యధికులు పసిపిల్లలు. వారి తల్లుల్లో చాలామందికి వైరస్ లేదు. వాడిన సిరంజీలనే మళ్లీ వాడడం, సురక్షితం కాని సూదిమందులు ప్రధాన కారణమని తేలింది. కనుక ఈ జబ్బు వచ్చినవారి శీలం గురించి మాట్లాడేముందు ఆ పిల్లలను తలచుకోవాలి.

మంచి ఉదాహరణలు కూడా మన సమాజాల్లోనే ఉన్నాయి. ఉగాండాలో ముస్లిం వైద్యుల సంఘం 1989లోనే ఇమాములను సమావేశపరచింది. ఎయిడ్స్‌పై జిహాద్ అని ప్రకటించి, ఇమాములకు శిక్షణ ఇచ్చి, మస్జిద్ నుంచి ఇంటింటికీ సమాచారం చేరవేసింది. 1990ల తొలినాళ్లలో ఆ దేశంలో పెద్దవారిలో 15 శాతం దాకా ఉన్న వైరస్ తర్వాతి పదేళ్లలో సగానికంటే తక్కువకు దిగింది. అందులో అన్ని మతాల పెద్దల పాత్రా ఉంది. జనాభాలో 95 శాతం ముస్లింలున్న సెనెగల్‌లో మతపెద్దలు మొదటినుంచీ వైద్యులతో కలిసి నడిచారు. అక్కడ ఈ జబ్బు ఎన్నడూ ఒక శాతం దాటలేదు. మలేసియా 2018లో, మాల్దీవులు 2019లో, ఒమన్ 2022లో తల్లినుంచి బిడ్డకు హెచ్ఐవీ సోకడాన్ని నిర్మూలించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందాయి. మత్తు సూదులు వాడేవారి చేత ఆ అలవాటు మాన్పించడానికి ఇరాన్ జైళ్లలోనే మెథడోన్ చికిత్స ఇచ్చింది. అదే చికిత్సను నిషేధించిన రష్యాలో ఏం జరిగిందో తూర్పు యూరప్ లెక్క చెబుతోంది.

తేడా ఎక్కడుంది? ధర్మం అంతటా ఒక్కటే. ఒకచోట పెద్దలు నోరు తెరిచారు. ఇంకోచోట తెరవలేదు.

మన దేశం, మన రాష్ట్రాలు

మన దేశంలో మొదటిసారి 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల ఈ వైరస్‌ను గుర్తించారు. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 2004 ఏప్రిల్ 1 నుంచి ఎనిమిది కేంద్రాల్లో ఉచితంగా మందులు ఇవ్వడం ప్రారంభించారు. అంతకుముందు రోగికి ధైర్యం చెప్పడం తప్ప కౌన్సెలర్ చేతిలో ఏమీ ఉండేది కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆనాడు దేశంలోనే ఎక్కువ ప్రభావానికి లోనైన ఆరు రాష్ట్రాల్లో ఒకటి. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశ సగటు 0.28 శాతం కాగా, మన రాష్ట్రంలో 0.97 శాతం. అంటే వందమంది పెద్దవారిలో దాదాపు ఒకరు. కోస్తా వెంబడి జాతీయ రహదారి, లారీ రవాణా, ఓడరేవులు, పనికోసం కుటుంబాలకు దూరంగా నెలల తరబడి ఉండే మగవారు, పేదరికం వల్ల సెక్స్ వర్క్‌లోకి నెట్టబడిన స్త్రీలు, ఇవన్నీ కలిశాయి. రహదారి వెంట స్వచ్ఛంద సంస్థలు పనిచేశాయి. గర్భిణులందరికీ పరీక్షలు చేశారు. రక్తం పరీక్షించి ఎక్కించారు. ఉచిత మందులు జిల్లాలకు చేరాయి. 2023 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెద్దవారిలో 0.62 శాతం, తెలంగాణలో 0.44 శాతం మందికి వైరస్ ఉంది. దేశ సగటు 0.20 శాతం. తగ్గాం, కానీ ఇంకా సగటుకు రెండు మూడు రెట్లు ఎక్కువలో ఉన్నాం.

దేశం మొత్తంమీద 2010తో పోల్చితే కొత్త కేసులు 44 శాతం, మరణాలు 79 శాతం తగ్గాయి. కానీ మిజోరంలో 2.73 శాతం, నాగాలాండ్‌లో 1.37 శాతం ఉంది. మయన్మార్ సరిహద్దు గుండా వచ్చే మత్తుమందును సూదితో ఎక్కించుకోవడం అక్కడ పెద్ద కారణం. పంజాబ్, త్రిపుర, అస్సాం, మేఘాలయలో కొత్త కేసులు పెరిగాయి. మత్తు ఎక్కడికి చేరితే ఈ వైరస్ అక్కడికి చేరే ప్రమాదం ఉంది. మన పట్టణాల్లో యువకుల చేతికి గంజాయి, మత్తు మాత్రలు వస్తున్న ఈ రోజుల్లో, రేపు సూది వస్తుందేమోనన్న జాగ్రత్త తల్లిదండ్రులకు ఉండాలి.

జారిపోతున్నది ఎక్కడ

మన దేశంలో 95-95-95 లక్ష్యానికి ఇటీవలి లెక్క 81-88-97. దీన్ని వందమంది రోగులతో లెక్కవేసి చూద్దాం. వందమందిలో తమకు వైరస్ ఉందని తెలిసినవారు 81 మంది. వారిలో 88 శాతం, అంటే 71 మంది మందులు వాడుతున్నారు. వారిలో 97 శాతం, అంటే 69 మందిలో వైరస్ అణిగి ఉంది. మిగిలింది 31 మంది. ఆ 31 మందిలో మందు పనిచేయనివారు ఇద్దరే. తెలిసీ మందు వాడనివారు పదిమంది. అసలు తెలియనివారు 19 మంది.

అంటే మన ఇబ్బంది మందుతో కాదు. మందు వాడితే దాదాపు అందరిలోనూ పనిచేస్తోంది. ఇప్పుడు ప్రభుత్వం ఇస్తున్న మందు రోజుకు ఒకే మాత్ర. వైరస్ పరీక్షలో కనిపించనంతగా అణిగిపోయినవారి నుంచి లైంగికంగా మరొకరికి సోకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. చికిత్స లేకపోతే తల్లినుంచి బిడ్డకు సోకే అవకాశం వందకు 15 నుంచి 45 వరకు ఉంటుంది. చికిత్సతో అది 5 కంటే తక్కువకు దిగుతుంది. పాజిటివ్ తల్లికి నెగటివ్ బిడ్డ పుట్టడం నేను ఎన్నోసార్లు కళ్లారా చూశాను.

తెలియని ఆ 19 మందిలో మనవారూ ఉండవచ్చు. గల్ఫ్ వీసా మెడికల్‌లో ఈ పరీక్ష తప్పనిసరి. కడప నుంచి కువైట్‌కు, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి దుబాయ్‌కి వెళ్లాలనుకున్నవారిలో కొందరికి "అన్‌ఫిట్" అని వస్తుంది. అక్కడ తేలినవారిని వెనక్కి పంపేస్తారు. అలాంటివారు వేరే ఏదో కారణం చెప్పి ఊళ్లోనే ఉండిపోతారు. ఆసుపత్రికి వెళ్లరు. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తుంటారు. ఆ ఒక్క మౌనం ఇంకో రెండు ప్రాణాల మీదికి వస్తుంది.

మనం చేయగల పనులు

1. పరీక్ష: ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, గోప్యం. సమాచారానికి 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ప్రతి గర్భిణీ మొదటి నెలల్లోనే పరీక్ష చేయించుకోవాలి.

2. నికాహ్: పెళ్లికి ముందు ఇద్దరూ ఇష్టపూర్వకంగా పరీక్ష చేయించుకోవడం మంచి అలవాటు. ఖాజీ సాహెబులు, పెద్దలు సలహా ఇవ్వవచ్చు. బలవంతం చేయరాదు, ఫలితాన్ని జమాఅత్‌లో చర్చించరాదు. 2017 నాటి హెచ్ఐవీ చట్టం ప్రకారం సమ్మతి లేకుండా పరీక్ష చేయడం, ఉద్యోగంలో, బడిలో, అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపడం నిషిద్ధం. దంపతుల్లో ఒకరికే వైరస్ ఉంటే మందులు, కండోమ్ వాడకం గురించి డాక్టరును అడగడానికి సిగ్గుపడవద్దు.

3. మందులు: ఒక్కరోజు కూడా మానరాదు. రమజాన్‌లో రోజుకు ఒకే మాత్రను సహరీకో ఇఫ్తార్‌కో వేసుకోవచ్చు. సమయం మార్చేముందు డాక్టరుతో మాట్లాడాలి. బాగా నీరసించినవారికి, టీబీ ఉన్నవారికి ఉపవాసం విషయంలో ధర్మం వెసులుబాటు ఇచ్చింది. దాన్ని వాడుకోవడం తప్పు కాదు. నాటువైద్యం పేరుతో, తాయెత్తుల పేరుతో మందులు మాన్పించే వారిని నమ్మవద్దు. దుఆ చేద్దాం, మాత్రా మింగుదాం.

4. సూదులు, బ్లేళ్లు: ప్రతి ఇంజెక్షన్‌కు కొత్త సిరంజీ అడగండి. ఖత్నాకు, హిజామాకు, క్షవరానికి ఒకరికి వాడిన బ్లేడు మరొకరికి వాడనివ్వకండి.

5. జనాజా: కలిసి తినడం, ముసాఫహా, ఒకే సఫ్‌లో నమాజు, ఒకే హౌజ్‌లో వుజూ, వీటివల్ల ఈ వైరస్ సోకదు. గుస్ల్ ఇచ్చేవారు చేతి తొడుగులు వేసుకుని, తమ చేతిపై గాయాలుంటే కప్పుకుని, రక్తం, స్రావాలు తగలకుండా చూసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కుంటే చాలు. ఈ జాగ్రత్తలు ఏ మయ్యత్‌కైనా పాటించదగ్గవే. ప్రతి మస్జిద్‌లో గుస్ల్ సామానుతో పాటు చేతి తొడుగుల డబ్బా ఒకటి ఉంచితే ఎవరినీ వేలెత్తి చూపే అవసరమే రాదు.

6. సాయం: మందు ఉచితమే గాని కేంద్రానికి వెళ్లే బస్సు చార్జీ, ఆ రోజు పోయే కూలి, పోషకాహారం ఉచితం కావు. ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ మందులు వాడేవారికి నెలకు 4,000 రూపాయలు, తెలంగాణలో ఆసరా కింద 2,016 రూపాయలు పెన్షన్ ఉంది. దరఖాస్తు చేయించడం కూడా సేవే. జకాత్‌కు అర్హులైన పేద కుటుంబాలను ఆలిములతో సంప్రదించి ఆదుకోవచ్చు. ఇచ్చేటప్పుడు జబ్బు పేరు చెప్పనక్కర్లేదు.

రాబోయే రోజులు

ఏడాదికి రెండుసార్లు వేసుకుంటే హెచ్ఐవీ రాకుండా కాపాడే లెనకాపవిర్ అనే ఇంజెక్షన్‌కు 2025లో అమెరికాలో అనుమతి లభించింది. దాన్ని చౌకగా తయారుచేయడానికి హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటిరో కంపెనీలు ముందుకొచ్చాయి. అదే ఏడాది అమెరికా తన విదేశీ సాయాన్ని హఠాత్తుగా నిలిపివేయడంతో ఆఫ్రికాలో కొన్నిచోట్ల క్లినిక్కులు మూతపడ్డాయి. మన దేశంలో ఈ కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వమే సొంత నిధులతో నడుపుతోంది కనుక మనకు ఆ బాధ లేదు. మందు ఉంది, డబ్బు ఉంది. కొరవడుతున్నది మనం ఇవ్వగలిగేదే.

రోగిని పరామర్శించడం ముస్లింపై మరో ముస్లింకు ఉన్న హక్కు అని, సాటి విశ్వాసి లోపాన్ని కప్పిపుచ్చమని, జబ్బు చేస్తే వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) మనకు నేర్పారు. ఈ మూడు బోధనలూ ఏ జబ్బునూ మినహాయించలేదు.

ఆనాడు గుస్ల్ ఇవ్వడానికి కొంగు బిగించిన పెద్దావిడను నేను తర్వాత ఒకసారి అడిగాను, మీకు భయం వేయలేదా అని. "వేసింది బేటీ. కానీ ఆ పిల్లలిద్దరూ గుమ్మంలో నిలబడి మా ముఖాలు చూస్తున్నారు" అన్నారు. ఆ పిల్లలకు పరీక్ష చేయించాం. ఇద్దరికీ వైరస్ లేదు. పెద్దది ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక. వారి పట్ల మన హృదయాలను మెత్తబరచుగాక. ఆమీన్.